కుడివైపు కూర్చున్నవాళ్లు చెప్పాలి

మా మావయ్య పోయారన్న కబురు పోయిన మంగళవారం పొద్దున్న వచ్చింది. మలేషియాలోని మా ఊరు ఇపోలో ఆ వేళ ముసురు పట్టి ఉంది. స్కూల్లో పాఠం చెప్పడానికి క్లాసుకి వెళ్లబోతూ ఫోన్ చూస్తే అత్త పేరు కనిపించింది. ఆ వేళప్పుడు అత్త ఎన్నడూ ఫోన్ చెయ్యదు. వరండాలోనే ఆగి ఎత్తాను.

"మీ మావయ్య లెగలేదే పాపా," అంది. "టీ ఎట్టి పిలిసినాను. పలకనేదు."

నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారు. నేను ఏళ్ల తరబడి భయపడుతూ వచ్చిన చావు ఇది కాదు. నా భయంలో ఎప్పుడూ రోడ్డు ఉండేది, వాన ఉండేది, ఎదురుగా లారీ ఉండేది. ఆయన తన మంచం మీద, తన దుప్పటి కప్పుకునే పోయారని తెలిశాక ముందు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. ఏడుపు ఆ తరవాత వచ్చింది.

అంత భయం ఎందుకో చెప్పాలంటే ఆయన కారు గురించి చెప్పాలి.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. బగాన్ దాతో వైపు కొబ్బరి ఎస్టేట్‌లో పుట్టి, పడుచుతనంలో ఇపో వచ్చి, ఒక రాళ్ల క్వారీలో లారీలు బాగుచేసే పనిలో చేరారు. ఆ క్వారీ యజమాని దగ్గర ఒక పాత అమెరికన్ కారు ఉండేది. రెండే తలుపులు, బారెడు ముక్కు. ఇంజన్ పాడై, షెడ్డు వెనక పట్టా కింద తుప్పు పడుతూ ఉండేది. క్వారీ మూతపడినప్పుడు ఆ యజమాని, "కావాలంటే తీసుకుపో," అన్నారట. మావయ్య దాన్ని లారీకి కట్టి ఇంటికి లాక్కొచ్చారు. అత్త వీధి గుమ్మంలో నిలబడి, "ఏటిది, ఇంటికి శవాన్ని తెచ్చినావా?" అందట.

ఆ శవానికి ఆయన ప్రాణం పోశారు. పాత ఇంజన్ తీసేసి అంతకన్నా పెద్దది, ఎనిమిది సిలిండర్లది, బిగించారు. బలం పెరిగింది కాబట్టి ఆపే శక్తీ పెరగాలని ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేశారు. మన ఎండకు ఉడికిపోకుండా రేడియేటర్ మార్చారు. మార్చిన ప్రతిదాన్నీ తనిఖీకి చూపించి, సరేననిపించుకున్నాకే రోడ్డెక్కించేవారు. స్టీరింగ్ జోలికి మాత్రం పోలేదు. అమెరికా బండి కనక అది ఎడమవైపు ఉంటుంది. "అది కోసి అతికితే మల్లీ దాన్ని నమ్మలేను," అనేవారు.

మలేషియాలో మనం రోడ్డుకి ఎడమపక్కన వెళ్తాం. స్టీరింగ్ కూడా ఎడమవైపే ఉంటే ముందు లారీ వెళ్తున్నప్పుడు దాని అవతల ఏముందో నడిపేవాడికి కనపడదు. కుడివైపు కూర్చున్న మనిషి తొంగి చూసి చెప్పాలి. మా ఇంట్లో ఆ మనిషిని నేను. పన్నెండేళ్లో పదమూడేళ్లో ఉన్నప్పటి నుంచీ ఆదివారాలు ఆ సీటు నాదే. తాపా వైపు పాత రోడ్డులో పామాయిల్ లారీల వెనక మేము దేకుతుంటే, నా కాళ్లు తెలియకుండానే నేలను తన్నిపెట్టుకునేవి.

"సూసినావా?"

"ఎవరూ లేరు మావయ్యా."

"మల్లీ సూడు."

రెండుసార్లు అడిగితే తప్ప దాటేవారు కాదు. అంత పెద్ద ఇంజన్ పెట్టుకుని మోపెడ్‌లకు కూడా దారి ఇచ్చేవారు. నాకు విసుగు పుట్టేది. ఒకసారి కోపంగా, "సరిగ్గా తెలీడం లేదు, పోదాం లే," అన్నాను. ఆయన బండి పక్కకు తీసి ఆపేశారు. తిట్టలేదు. "అనుమానముంటే లేదనే సెప్పు పాపా. లారీ ఎనకాల ఉండిపోయినాడని ఎవుడూ సావలేదు," అన్నారు.

తరవాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. అయినా ఆదివారం ఆయన పిలిస్తే వెళ్లేదాన్ని. ఆయనకు షుగరు ముదిరింది. చూపు తగ్గుతోందేమోనని అడిగితే, "బాగానే ఉందిలే," అని మాట తప్పించేవారు.

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం మార్కెట్ నుంచి వస్తున్నాం. మా వీధి మలుపులో కుడివైపు నుంచి మోటారుసైకిల్ మీద ఒకామె వస్తోంది, వెనక కూరగాయల బుట్ట. ఎంత దగ్గరికి వచ్చినా ఆయన కాలు బ్రేకు మీదకు పోలేదు. "ఆపు!" అని అరిచాను. కారు కీచుమని ఆగింది. ఆమె బండి తూలి, నిలదొక్కుకుని, మా వైపు ఒక్క చూపు చూసి వెళ్లిపోయింది. రోడ్డు మీద రెండు వంకాయలు దొర్లుతున్నాయి.

మావయ్య స్టీరింగ్ వదల్లేదు. "ఎటు నుంచి వచ్చినాది?" అన్నారు. కుడి నుంచి అన్నాను. ఆ కన్ను ఆయనకు కనపడటం లేదని అప్పుడు అర్థమైంది. ఇంటి ముందు కారు ఆపాక, "బండి అమ్మీయాలి," అన్నారు.

అమ్మకం ప్రకటన నేనే రాసి ఇంటర్నెట్‌లో పెట్టాను. ఇంజన్ గురించి, రంగు గురించి గొప్పగా రాస్తే ఆయన వినిపించుకుని తల అడ్డంగా ఊపారు. "బాగున్నవి వాడు కంటితో సూస్తాడు. బాగోనివి మనం సెప్పాలి." అందుకని స్టీరింగ్ ఎడమవైపు ఉందని, వానలో వెనక చక్రాలు జారతాయని, ఒంటరిగా పెద్ద రోడ్డెక్కకూడదని మొదటే రాయించారు. ఆ ప్రకటన చూసి కూడా జనం వచ్చారు. పందేలకు కావాలన్నవాణ్ని కాఫీ ఇచ్చి పంపేశారు. బ్రేకుల సంగతి అడక్కుండా గంటకెంత పోతుందని అడిగినవాళ్లకు కాఫీ కూడా లేదు.

నెలలు గడిచాయి. కారు కదల్లేదు, తాళం ఆయన జేబులోనే ఉంది. అత్తకూ నాకూ అదే దిగులు. మధ్యాహ్నం ఆయన కనపడకపోతే అత్త ముందు కారు ఉందా అని చూసేది, ఆ తరవాతే మనిషిని వెతికేది. "ఈయన అమ్మడే. ఓ దినం దాన్లోనే పోతాడు," అని నాతో ఫోన్లో గొంతు తగ్గించి అనేది. నేను క్లాసులో ఉండి కూడా ఆ ఇంజన్ చప్పుడు వినిపించినట్టై ఉలిక్కిపడేదాన్ని.

అలాంటప్పుడు దూరాన ఉన్న సైబర్‌జయ పట్నం నుంచి ఒక కుర్ర జంట వచ్చారు. అతను సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాడు. తెలుగువాళ్లే గానీ అర్థం చేసుకోవడమే తప్ప మాట్లాడటం తక్కువ. మాటకు మాట మధ్య తమిళం దూరిపోయేది. అతను కారు కింద పడుకుని చూశాడు. బ్రేకుల గురించి అడిగాడు. మావయ్య మొహం విప్పారింది. నడిపి చూస్తానంటే తానే కుడివైపు కూర్చున్నారు. నేను వస్తానంటే, "నాను సూస్తాన్లే," అన్నారు. ఇద్దరూ కామెరాన్ కొండల రోడ్డు వైపు వెళ్లారు.

కాసేపటికే వాన మొదలైంది. గంటలో రావాల్సినవాళ్లు రెండు గంటలైనా రాలేదు. మావయ్య ఫోను బల్ల మీదే ఉంది. ఆ అబ్బాయిది మోగుతోంది, ఎత్తడం లేదు. అతని భార్య మొదట అత్తతో వంటల గురించి మాట్లాడింది, తరవాత ఊరికే గాజులు తిప్పుకుంటూ కూర్చుంది. అత్త దీపం వెలిగించింది. ఆయన కుడికన్ను సంగతి ఆ పిల్లతో చెప్పాలా వద్దా అని నేను నోట మాట నోట్లోనే పెట్టుకుని గుమ్మానికీ గదికీ తిరిగాను. వీధిలో ఏ బండి వచ్చినా ముగ్గురం లేచి నిలబడేవాళ్లం.

చీకటి పడబోతుండగా ఆ చప్పుడు వినిపించింది. దూరం నుంచి, నిదానంగా. కారు మీద ఒక గీత కూడా లేదు. అబ్బాయి దిగి, చెమట తుడుచుకుని నవ్వాడు.

"కొండ దిగినంతసేపూ సిమెంట్ లారీ ముందు ఉండాది. నేను పోవచ్చా, పోవచ్చా అని అడిగినాను. మామ ప్రతిసారీ వద్దు అన్నాడు. సైకిల్ కూడా మమ్మల్ని దాటి పోయినాది!"

మావయ్య సీట్లోంచి లేవలేదు. తలుపు తీసి నేను పక్కన నిలబడితే, మెల్లగా, అందరికీ వినపడేలానే అన్నారు. "రోడ్డు కాలీగానే ఉందేమో పాపా. నాకు కనపడనేదు. అందుకే వద్దన్నాను."

తన కన్ను పోయిందని ఆయన నోటితో ఒప్పుకున్నది అప్పుడే. అత్త తువ్వాలు తెచ్చి, కిటికీలోంచి తొంగి చూసి వానలో తడిసిన ఆయన తల తుడిచింది.

కారు తీసుకుంటానన్నాడు అబ్బాయి. కుడివైపు కెమెరా బిగించుకుంటానని, ఇక ఇబ్బంది ఉండదని చెప్పాడు.

"బిగించు. కానీ కెమెరాకి బయం ఉండదు కదా," అన్నారు మావయ్య. ఆ అమ్మాయి వైపు తిరిగారు. "నువ్వు నేర్సుకుంటేనే బండి ఇస్తానమ్మా."

ఆమె నవ్వులాట అనుకుంది. ఆయన నవ్వలేదు. ఆ తరవాత కొన్ని ఆదివారాలు వాళ్లిద్దరూ ఇపో వచ్చారు. అబ్బాయి నడిపేవాడు, ఆమె కుడివైపు, మావయ్య వెనక సీట్లో మోకాళ్లు మడుచుకుని. మొదట్లో మొగుడు అడగ్గానే "పో, పో" అనేసేది. ఒకరోజు ఖాళీ రోడ్డు మీద అతను మూడుసార్లు అడిగితే మూడుసార్లూ, "వేణ్డా, వద్దు, నాకు తెలీదు," అందట. ఇంటికి రాగానే మావయ్య జేబులోంచి తాళం తీసి ఆమె చేతిలో పెట్టారు.

కారు వెళ్లిపోయాక మా దిగులు తీరింది, ఆయనది తీరలేదు. సైబర్‌జయలో వాన పడుతోందని టీవీలో చెబితే చాలు, ఫోను తీసేవారు. ఎక్కడున్నారు, లైట్లు వేసినారా, టైర్లు చూసినారా. ఆ పిల్లలు విసుక్కుంటారని అత్త కేకలేసేది. ఆ అమ్మాయి మాత్రం ఎప్పుడూ విసుక్కోలేదు. అంత్యక్రియలకు వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని చెప్పింది. "ముందు రోజు కూడా మామ ఫోన్ చేసినాడక్కా. ఇంటికి వచ్చినాం అని చెప్పినాను. సరే పండుకోండి అన్నాడు." ఆ మాట చెప్పి కొంగులో మొహం దాచుకుంది.

ఎవరి గురించైనా అంత భయపడటం ప్రేమలో ఒక రకమని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆయన భయం ఎవరికీ అడ్డు కాలేదు. దాని నీడన మేమంతా క్షేమంగా ఇళ్లు చేరాం.

నిన్న సాయంత్రం అత్తను చూడటానికి వెళ్లాను. కారు ఉండే పోర్చి కడిగి ఉంది. పక్కింటి ఆడపిల్లలు అందులో షటిల్ ఆడుతున్నారు. ఈకల బంతి పైకప్పు రేకుల సందులో ఇరుక్కుపోయింది. అత్త మామిడికాయలు కోసే వెదురు గడ పట్టుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, మునివేళ్ల మీద లేచి దాన్ని పొడుస్తోంది. పిల్లలు చేతులు చాచి కింద నిలబడ్డారు. తెల్లటి ఈకలు ఒకటొకటిగా రాలుతున్నాయి, బంతి మాత్రం ఇంకా రాలేదు.