ట్రైలర్‌లో వేరే గొంతు

అమెరికాలో, ఫ్రీమాంట్‌లో ఎం.ఎస్. చదివే రోజుల్లో నాకు ఒకచోట కుదురుగా కూర్చునే అలవాటే లేదు. అలాంటివాడికి మా డైరెక్టర్ ఎడిటింగ్ అప్పగించాడు. డైరెక్టరంటే నా రూమ్మేటే. క్లాస్‌మేట్లం కలిసి తీసిన షార్ట్ ఫిల్మ్‌కి రెండు నిమిషాల ట్రైలర్ కావాలి. శనివారం శాన్ రామన్‌లో ఒక ఆంటీ వాళ్ళింట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందు, వచ్చినవాళ్ళందరికీ అక్కడ చూపించాలి. షూటింగ్ జరిగింది ఆ ఇంట్లోనే, సినిమాలో కూతురి వేషం వేసింది ఆ ఆంటీ కూతురే.

అమ్మాయి ఇక్కడే పుట్టింది, హైస్కూల్లో చదువుతోంది. నన్ను అంకుల్ అనేది. పెళ్లి కూడా కాని నన్ను పట్టుకుని అంకుల్ అంటే ఒళ్లు మండేది గానీ, ఆ పిల్ల పడ్డ కష్టం చూసి క్షమించేశాను. డైలాగులన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని, వంటింట్లో వాళ్ళమ్మ వెనకాలే తిరుగుతూ బట్టీపట్టింది.

ట్రైలర్ ఎంతకీ ఒక దారికి రాలేదు. తలకి పౌడరు పూసుకుని తండ్రి వేషం వేసిన మా క్లాస్‌మేట్‌కి మొదట్లోనే హీరో ఎంట్రీ ఉండాలని డైరెక్టర్ పట్టు. కారు దిగడం, నల్లకళ్లద్దాలు తీయడం, అంతా స్లో మోషన్‌లో. కథేమో తండ్రీకూతుళ్లు మాట్లాడుకోకపోవడం గురించి. షాట్లు ముందుకి జరిపాను, వెనక్కి జరిపాను, లేచి టీ పెట్టుకున్నాను, తాగకుండానే వచ్చి మళ్లీ మొదటిలాగే మార్చాను. చివరికి గట్టెక్కించింది ఆ అమ్మాయి డైలాగే. "నాన్నా... నువ్వు అడిగితే నేను చెప్పేదాన్ని." నాన్నా అన్నాక, తర్వాతి మాట వెతుక్కుంటూ ఒక్క క్షణం ఆగుతుంది. సినిమా అంతా ఆ ఆగడంలోనే ఉందనిపించింది. దాన్ని ఆఖర్న పెట్టి, అక్కడ మ్యూజిక్ ఆపేశాను. హీరోగారి కారుని మధ్యలో ఎక్కడో ఇరికించాను.

డైరెక్టర్ చూసి పెదవి విరిచాడు. "మామా, డైలాగ్ మంచిగుంది గానీ ఆ యాక్సెంట్ వింటే జనం నవ్వుతరు. డబ్బింగ్ చెప్పిద్దాం. హీరోయిన్లందరికీ చెప్పిస్తలేరా?"

"వాళ్ళకి తెలుగు రాదు కాబట్టి. ఈ పిల్లకి వచ్చు కదరా!"

"గిట్లనా?"

నాకు తిక్కరేగింది. ఇద్దరం అరుచుకున్నాం. వాడు అక్కడికక్కడే ఆంటీకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. ఆవిడ ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. "మంచిది బాబూ, అందరూ వస్తున్నారు, బాగుండాలి కదా" అంది. మరి అమ్మాయికి ఎవరు చెప్తారని నేను అడిగాను. తనే చెప్తానంది.

తెనాలి నుంచి వచ్చిన క్లాస్‌మేట్ ఒకామె మా అపార్ట్‌మెంట్‌కొచ్చి, మైకు ముందు ఆ డైలాగ్ గడగడా చెప్పేసి వెళ్లింది. వంక పెట్టడానికి లేదు. కానీ ఆమె మధ్యలో ఆగలేదు కాబట్టి అమ్మాయి పెదాలకి కుదరలేదు. సగం నుంచి తండ్రి మొహం వేసి కప్పిపెట్టాను. నా పాత వెర్షన్ మాత్రం లాప్‌టాప్‌లో ఉంచుకున్నాను.

ఆ సాయంత్రం హాల్లో పెద్ద టీవీకి లాప్‌టాప్ కలిపాం. ఆంటీ లైట్లు ఆర్పింది. అమ్మాయి అందరికంటే ముందు కార్పెట్ మీద కూర్చుంది. తన డైలాగ్ వచ్చేసరికి తనూ పెదాలు కదిపింది. టీవీలోంచి తెనాలి గొంతు వచ్చింది. ఆ పిల్ల నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. తనకెవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది నాకు.

చప్పట్లు కొట్టారు, లైట్లు వేశారు. "ఎంత చక్కటి తెలుగు నేర్పారండీ!" అంటూ ఆడవాళ్ళు ఆంటీ చుట్టూ చేరారు. ఆవిడ నవ్వుతోంది, కాదనలేదు. ఒకావిడ అమ్మాయితో, "ఏదీ తల్లీ, ఆ డైలాగ్ ఇంకోసారి చెప్పు" అంది.

అమ్మాయి లేచి నిలబడి చెప్పింది. తన గొంతుతో, తనలాగే ఆగి. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

"అలా కాదమ్మా, టీవీలోలాగా చెప్పు" అంది అడిగినావిడ.

"టీవీలో అది నేను కాదు, ఆంటీ."

వాళ్ళమ్మ మొహంలో నవ్వు పోయింది. అమ్మాయి నా వైపు తిరిగింది. "నాది డిలీట్ చేసేశారా, అంకుల్?"

"లేదమ్మా, ఉంది."

"అయితే ప్లే చేయండి."

డైరెక్టర్ నా వైపు గుడ్లురిమి చూశాడు. నేను ఆంటీ వైపు చూశాను. ఆవిడ ఇల్లు, ఆవిడ పిలిచిన జనం. ఆవిడ కూతురి మొహంలోకి చూసింది. తర్వాత వెళ్లి మళ్లీ లైట్లు ఆర్పింది.