బీదరుకు పోవాల్సిన మోటారు

మా ఆయన పాత మోటారు కొన్న కొత్తలో నారాయణఖేడ్‌లో మాకు నవ్వులపాలు కావడం తప్ప వేరే పని లేకుండా పోయింది. మొదటిసారి మా అమ్మగారి ఊరు బీదరుకు బయలుదేరితే ఇంజను నూనె దారిపొడవునా కారి, మనూరు దగ్గర మోటారు మొరాయించింది. ఎడ్లను కట్టి ఇంటికి గుంజుకొచ్చారు. లోపల పట్టుచీరతో నేను! సిగ్గుతో చచ్చాను.

"నూనె కారుడు బందయితేనే నువ్వు అమ్మగారింటికి పోయేది," అని అత్తమ్మ తీర్పు చెప్పేసింది. అమ్మను చూసి అప్పటికే ఎనిమిది నెలలు. నా ప్రాణమంతా ఆ ఇంజను మీదే.

మా ఆయన పాత చెప్పుల తోలు కోసి అతుకుల మధ్య పెట్టాడు. చేతులు బొబ్బలెక్కేదాకా నట్లు బిగించాడు. బజారు దాకా నడిపి తెచ్చి కింద మూకుడు పెడితే మళ్లీ నూనె. ఒకచోట ఆపితే ఇంకోచోట. "ఇగ అయిపోయింది, రేపు పోదాం" అని రోజూ అదే మాట.

"ఆ తోలు ఇంజనుకు గాదు, మీ నోటికి కుట్టుకోండ్రి!" అన్నాను ఒకరోజు. అని, వంటింటి గడపలో కూర్చుని ఏడ్చేశాను.

అత్తమ్మ చెరుగుతున్న చేట పక్కన పెట్టి బయటికి నడిచింది. ఇంజను మీది రేకు ఎత్తించి, పక్కనున్న చిన్న గొట్టం చూపించింది.

"గీ గొట్టంల గుడ్డ కుక్కిందెవ్వరు?"

ఇంకెవరు, నేనే. బీదరు ప్రయాణం రోజున అందులోంచి పొగ వస్తుంటే, చీర మాసిపోతుందని పాత రవిక ముక్క దూర్చాను.

"ఉడికే కుండకు మూత బిర్రుగ పెడితే అంచుల పొంటి పొంగదా? దీని కడుపుల ఆవిరి పోయే తొవ్వ మూస్తే నూనె అతుకులల్లకెల్లి తన్నుకొస్తది."

మా ఆయన గుడ్డను చూశాడు, నన్ను చూశాడు, పగలబడి నవ్వాడు. గుడ్డ పీకేసి సిర్గాపూర్ దాకా పోయొచ్చాడు. మూకుడులో ఒక్క చుక్క పడలేదు.

బట్టలు మూట కట్టుకుంటూ అడిగాను. "అత్తమ్మా, ఆ గుడ్డ ఎన్నడు చూసిన్రు?"

"ఎడ్లు గుంజుకొచ్చిన నాడే."

నాకు ఒళ్లు మండిపోయింది. "మరి గిన్ని దినాలు చెప్పలేదేంది!"

ఆమె నా ముఖం చూడకుండా జొన్నరొట్టెలు గుడ్డలో చుడుతూ అంది, "చెప్తే పోతవు గద."

నెల రోజులు ఉందామని పోయినదాన్ని, వారానికే తిరిగొచ్చాను.