మావయ్య గొంతున్న డిస్కు

ఇది మహాకావ్యం కావలసిన కథ. ఇందులో పిడుగులున్నాయి, ద్రోహం ఉంది, ఇక తిరిగిరాని గొంతు ఒకటుంది. నిజం చెప్పాలంటే ఒక కుర్రాడు స్క్రూడ్రైవరు పట్టుకుని తప్పు డిస్కు ఊడదీసిన కథ, అంతే. ఆ కుర్రాణ్ణి నేనే. ఇన్నేళ్లుగా ఇది నా గుండెల మీద కూర్చుని ఉంది. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యమే ఉంటే మీతో పనేముంది?

మా మావయ్య, అత్తయ్య కలకత్తా పక్కన సంత్రాగాఛిలో ఉంటారు. మావయ్యకి గొంతులో కేన్సరు వచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఇక మాట రాదన్నారు. అందుకని ముందే మైకు పెట్టి ఆయన చేత మాట్లాడించి కంప్యూటర్లో రికార్డు చేశాను. నాటకాల పద్యాలు పాడాడు. ఎదుట లేని చేపలవాడితో "దాదా, ఇది నిన్నటి చేపా, మొన్నటిదా?" అని పోట్లాడాడు. "పార్వతీ, టీ ఏదే?" అని కేకేశాడు. తరువాత సైగలే మిగిలాయి. అత్తయ్య రోజూ ఆ టీ కేక పెట్టుకుని విని, అప్పుడు పొయ్యి వెలిగించేది. మనిషి ఎదురుగానే కూర్చుని ఉండేవాడు.

ఆ గొంతు పోకూడదని వాళ్ల కంప్యూటర్లో రెండు డిస్కులు అమర్చాను. ఒకదానిలో ఏది పడితే రెండోదానిలోనూ అదే పడుతుంది. ఒకటి చెడినా ఇంకొకటి కాపాడుతుంది. వేరే ఎక్కడైనా కూడా దాచమని మావయ్య సైగ చేస్తే, నవ్వి కొట్టిపారేశాను.

కొంతకాలానికి ఒకటో డిస్కు చెడిపోతోందని కంప్యూటరు చెప్పింది. ప్రోగ్రాములు రాసే మేము సున్నా నుంచి లెక్కపెడతాం. కాబట్టి ఒకటోదంటే రెండో అరలో ఉన్నదే అనుకుని దాన్ని ఊడదీశాను. కంప్యూటరు మామూలు మనుషుల్లా ఒకటి నుంచే లెక్కపెట్టింది. కంప్యూటరు చూపిన సీరియల్ నంబరు డిస్కు మీది నంబరుతో పోల్చి చూస్తే సరిపోయేది. ఎందుకు చూడలేదు? తొందరా? కాదు. నాకు తెలుసన్న ధీమా, అంతకంటే గొప్ప కారణం వెతికినా దొరకలేదు. ఖాళీ అరలో కొత్తది పెట్టి నకలు మొదలుపెట్టాను. అది సాగుతుండగానే, ఊడదీసినదాన్ని వారంటీకి పంపాలి కదా అని ఆనవాలు లేకుండా చెరిపేశాను. అదే మంచి డిస్కు. లోపల మిగిలిన చెడ్డది సగంలో ఆగిపోయి, మళ్లీ లేవలేదు. నంబరు అప్పుడు చూశాను.

అత్తయ్య వచ్చి వెనక నిలబడింది.

"ఏటిరా, ఏటైనాది?"

"రెండూ పోయేయి అత్తా."

"నిన్న ఉరుముకి బయపడి నేనే ప్లగ్గు పీకీసినాను. దానివల్లేనేటిరా?"

ప్రతిదానికీ జోకు వేసే నోరు నాది. ఆ పూట ఒక్క మాటే వచ్చింది.

"అయ్యుండొచ్చు."

ఆవిడ అలాగే మంచం మీద కూలబడింది. మావయ్య వచ్చి ఆవిడ భుజం తట్టి, పోనీలే అన్నట్టు చెయ్యి ఊపాడు. నా తప్పుకి ఆయన ఆవిడని క్షమించాడు. నేను చూస్తూ కూర్చున్నాను.

తరువాత ఆ డిస్కులు పట్టుకుని ఎన్ని దుకాణాలు తిరిగినా ఒక్క మాటా దక్కలేదు. ఇప్పుడు నిజం చెప్పినా గొంతు రాదు. ఆవిడ మీది బరువు మాత్రం దిగుతుంది. అది తెలిసీ మీకే చెబుతున్నాను, ఆవిడకి కాదు. రాశాక కాస్త ఊపిరాడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.

అత్తయ్య ఇప్పుడు ఎంత ఉరిమినా ఏ ప్లగ్గూ ముట్టుకోదు. మొన్నటి గాలివానకి ఫ్రిజ్ స్టెబిలైజరు కాలిపోయింది. కొత్తది కొన్నాం.