“మునిరత్నాన్ని అడగాలి”

ఈ రోజు మా యూనివర్సిటీలో లేడీస్ హాస్టల్ దగ్గర నీళ్ల పైపు పగిలింది. వాల్వు ఎక్కడుందో చూద్దామని, నిరుడు నేనే తయారుచేసిన క్యాంపస్ డిజిటల్ మ్యాపు తెరిచాను. హాస్టల్ పక్కన ఉజ్జాయింపుగా పెట్టిన నీలం చుక్కను నొక్కితే “మునిరత్నాన్ని అడగాలి” అని వచ్చింది.

నేను టైపు చేసిందే. సర్వే రోజు తిరుపతి ఎండకు తాళలేక ఆ ఒక్క వాల్వూ వదిలేశాం. “ఇంగోరోజు సూపిస్తా పదండి సార్. నేను యాడికి పోతా, ఈడే గదా ఉండేది” అన్నాడు మా పాత ప్లంబరు మునిరత్నం.

పోయిన నెల చనిపోయాడు.

“యాడ తవ్వేది సార్?” అని కొత్త ప్లంబరు అడిగాడు. నాలుగో గుంతలో వాల్వు దొరికింది. దాని చోటు మ్యాపులో ఎక్కించాను కానీ, ఆ పాత మాట చెరిపేయడానికి చెయ్యి రాలేదు.

మీ ఆఫీసులోనూ ఒక మునిరత్నం ఉంటే, ఎండగా ఉన్నా సరే, వెళ్లి అడగండి.