దగ్గు వినబడితే

ములకలపల్లి ఇన్నయ్య కూతురు లూర్దమ్మ చేతుల్లో ఏదీ నిలవదని ఊళ్లో నవ్వుకుంటారు. పక్కన ఎవరు దగ్గినా ఆమె వేళ్లు ఠక్కున విడిపోతాయి. చేతిలో ఉన్నది నీళ్ల చెంబైనా, చర్చిలో పాటల పుస్తకమైనా కింద పడాల్సిందే. ఎనభై రెండులో వాళ్ల ఎర్రెద్దుకు కడుపుబ్బింది. లూర్దమ్మ దాని తల పైకెత్తి పట్టుకుంటే, ఇన్నయ్య వెదురు గొట్టంతో నోట్లో కషాయం పోశాడు. ఎద్దు దగ్గింది. "వదలకు బిడ్డా, మందంతా కారిపోతది," అన్నాడు. ఆమె ఇంకా బిగించి పట్టింది. మందు ఊపిరితిత్తుల్లోకి పోయి మూడో రోజు ఎద్దు చచ్చిపోయింది. దగ్గగానే తల వదిలేయాలని పశువుల దవాఖానా కాంపౌండరు తర్వాత చెప్పాడు. అప్పటినుంచి ఆ ఎద్దు దగ్గు ఆమె చెవులను వదల్లేదు.

ఎనభై ఆరులో ఇంటర్ ప్యాసయ్యాక ఆమె పశువైద్య కాలేజీ దరఖాస్తు ముందేసుకుని కూర్చుంది. "ఆడపిల్లవు, ఎడ్లతోటి నీకేం పని? టీచర్ ట్రైనింగ్ చెయ్యరాదూ," అంటూ ఇన్నయ్య ఎదురుగా కూలబడి, బీడీ పొగకు దగ్గాడు. పెన్ను జారి అతని కాళ్ల దగ్గర పడింది. అతను పెన్నును చూశాడు, తెరుచుకున్న ఆ వేళ్లను చూశాడు.

"నాయినా, అప్పుడు మనకు వదలమని చెప్పేటోళ్లు లేకుండె," అంది లూర్దమ్మ.

ఇన్నయ్య బీడీ నలిపేసి, పెన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు. "రాయి," అన్నాడు. ఆమె కింద సంతకం పెట్టేదాకా, గొంతులో తన్నుకొస్తున్న దగ్గును తువ్వాలుతో నొక్కిపట్టి, కళ్లనీళ్లు కారుతున్నా కదలకుండా కూర్చున్నాడు.