వసంతానికల్లా వస్తుందని నేను చెప్పిన మందు

మా పక్కింటావిడ ముప్పయ్యేళ్ళు స్కూలు బస్సు నడిపింది. రిటైరయ్యాక మరో పదేళ్ళు చర్చి వాళ్ళ వ్యాను నడిపింది. మూడు నెలలకోసారి, తెల్లవారుతూనే ఏడెనిమిది మంది ముసలివాళ్ళను ఎక్కించుకుని, నాలుగు గంటలు ఉత్తరానికి పోయి, సరిహద్దు దాటి కెనడాలో ఒక క్లినిక్ ముందు ఆపేది. అక్కడి డాక్టరు అందరినీ చూసి చీటీలు రాసేవాడు. పక్కనే ఉన్న షాపులో మందులు కొనుక్కుని, ఏదో ఇంత తిని, సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్ళు. మాత్ర అదే, తయారు చేసే కంపెనీ అదే. డబ్బా మీద ఫ్రెంచి అక్షరాలు అదనంగా ఉండేవి, ధర చాలా తక్కువగా ఉండేది.

నేను, మా ఆయన అమెరికా ఉత్తరాన ఉన్న ఆ ఊరు వచ్చేసరికి ఆవిడ కంటిచూపు మందగించింది. వ్యాను ఆగిపోయింది. కొత్తగా చేరిన మాకు మంచు తవ్వే పార ఇచ్చి, దాన్ని నడుము పట్టేయకుండా ఎలా వాడాలో చూపించి, ఆ పరిచయంలోనే తన కథంతా చెప్పింది. "మేం దొంగతనంగా ఏమీ తేలేదమ్మా. సరిహద్దు దగ్గర సంచులు తెరిచి చూపించేవాళ్ళం. వాళ్ళు మా మొహాలు చూసి పొమ్మనేవాళ్ళు," అంది.

నేను ఏం పనిచేస్తానని అడిగింది. చెప్పగానే పడీపడీ నవ్వింది. నేను స్టేట్ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో కాంట్రాక్టు మీద చేరాను. ఆవిడ వ్యానులో చేసిన పనినే మా రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి పెద్ద ఎత్తున చేయబోతోంది. కెనడాలో హోల్‌సేల్‌గా కొన్న మందుల్ని ఒక గోడౌనుకు తెప్పించి, ల్యాబులో పరీక్ష చేయించి, కొత్త లేబుల్ అంటించి, మందుల షాపులకు పంపాలి. ఏ డబ్బా ఎక్కడుందో కనిపెట్టుకునే సాఫ్ట్‌వేర్‌ను టెస్ట్ చేయడం నా పని. నేను వాడే నమూనా జాబితాలో ఆవిడ వేసుకునే మాత్ర కూడా ఉంది. గుండె లయ తప్పినవాళ్ళకు రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చేది. నా స్క్రీన్ మీద అది రోజూ సరిహద్దు దాటి వచ్చేది.

ఆ అక్టోబరులో లైబ్రరీలో పబ్లిక్ మీటింగ్ పెట్టారు. హాలు నిండా నెరిసిన తలలే. మా ఆఫీసరు బొమ్మలు చూపిస్తూ, "వచ్చే వసంతానికి మొదటి సరుకు వస్తుందని ఆశిస్తున్నాం," అన్నాడు. పక్కింటావిడ చెయ్యెత్తింది.

"ఆశ సంగతి సరే, తారీఖు చెప్పండి."

అందరూ నవ్వారు. ఆఫీసరూ నవ్వాడు. తారీఖు మాత్రం చెప్పలేదు.

నా కారులోనే ఇంటికి తీసుకొచ్చాను. దారిలో అడిగింది. "నువ్వు లోపల పనిచేస్తావు కదా. నాతో నిజం చెప్పు. వస్తుందా?"

ప్రాజెక్ట్ ప్లాన్‌లో తేదీ నేను కళ్ళారా చూశాను. నాలుగు మంచి మాటలు చెప్పాలన్న ఉత్సాహం కూడా ఉంది. "మంచు కరిగేసరికి మీ షాపులో ఉంటుంది," అన్నాను. ఆవిడ నా మోచేతి మీద చెయ్యివేసి కాసేపు అలాగే ఉంచింది.

నవంబరులో ఇండియా నుంచి మా అత్తగారు వచ్చారు. ఆవిడ జిల్లా ఆసుపత్రిలో ముప్పయి రెండేళ్ళు ఫార్మసిస్టుగా చేశారు. చిత్రంగా ఆవిడకూ అదే జబ్బు, అదే మాత్ర. మనవైపు దాన్ని చాలా కంపెనీలు చౌకగా చేస్తాయి కాబట్టి ఆరు నెలలకు సరిపడా స్ట్రిప్పులు, పైన కొన్ని ఎక్కువే, డాక్టరు చీటీతో సహా పెట్టెలో తెచ్చుకున్నారు. మేం ఆఫీసులకు వెళ్ళాక ఇద్దరు పెద్దావిడలూ ఒకరింటికొకరు వెళ్ళడం మొదలుపెట్టారు. సెలవు రోజుల్లో నేనూ వెళ్ళేదాన్ని. మా అత్తగారిది ఆసుపత్రి ఇంగ్లీషు. 'ఆఫ్టర్ ఫుడ్', 'వన్ వీక్', 'నెక్స్ట్' లాంటి ముక్కలతో ఆవిడ మూడు గంటలు కబుర్లు చెప్పగలరు. పక్కింటావిడ అల్లికపని చేస్తూ వినేది.

డిసెంబరులో ఒక సోమవారం మమ్మల్నందరినీ మీటింగ్ రూంలోకి పిలిచారు. అనుమతి ఇవ్వాల్సిన కేంద్ర ప్రభుత్వం నుంచి మళ్ళీ ప్రశ్నలతో ఉత్తరం వచ్చింది. లేబుళ్ళ గురించి, పరీక్షల గురించి, జనానికి నిజంగా ఎంత కలిసివస్తుందన్నదాని గురించి. అటు కెనడా వాళ్ళు తమ దేశంలో కొరత వచ్చేటట్లయితే మందులు బయటికి పోనిచ్చేది లేదన్నారు. మాకు అమ్ముతానన్న వ్యాపారి వెనక్కి తగ్గాడు. మా మేనేజరు బోర్డు మీద రాసున్న మొదటి సరుకు తేదీ తుడిచేసి, "గో-లైవ్ డేట్ తర్వాత చెప్తాం. ఈ మాట గది దాటకూడదు," అన్నాడు.

నేను దాటనివ్వలేదు. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పానంతే. పక్కింటావిడకు చెప్పాలని రెండుసార్లు అనుకున్నాను. కాన్ఫిడెన్షియల్ కాగితం మీద సంతకం పెట్టానని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కానీ అసలు కారణం వేరే. నా నోటితో ఇచ్చిన మాటను నా నోటితోనే వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు.

జనవరి చివర్లో ఒక శనివారం ఉదయం అత్తగారు పక్కింటి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చేశారు.

"అమ్మాయీ, ఆవిడ సాయంత్రం మాత్ర వేసుకోవట్లేదు."

"మీకెలా తెలుసు అత్తయ్యా?"

"మాత్రలు పెట్టుకునే డబ్బా ఉంది చూడు, వారం రోజులది. పొద్దుటి గళ్ళు నిండా ఉన్నాయి. సాయంత్రం గళ్ళు ఖాళీ. ఏంటని అడిగా. కొత్త సంవత్సరం కదా, ఇన్సూరెన్స్ వాళ్ళు మళ్ళీ మొదట్నుంచి కొంత మొత్తం దాకా సొంత డబ్బు కట్టమంటున్నారంట. గవర్నమెంటు మందు వచ్చేదాకా రోజుకొకటితో సరిపెట్టుకుంటానంది. మంచు కరగ్గానే వస్తుందంట గదా?"

నేను సింకు వైపు తిరిగి కుళాయి విప్పాను.

"ఆ మాత్ర పన్నెండు గంటలే పనిచేస్తది. ఒంటిపూట వేసుకుంటే మిగతా పూట వేసుకోనట్టే. నా దగ్గర ఎక్కువున్నాయి, రెండు నెలలకు వస్తాయి. ఈలోపు మా చెల్లెలికి ఫోన్ చేస్తే కొరియర్‌లో పంపిస్తది. ఆవిడ డాక్టరు చీటీ, నా స్ట్రిప్పు పక్కపక్కన పెట్టి చూశా. మందు ఒకటే, పవరూ ఒకటే."

"వద్దత్తయ్యా," అన్నాను. అంత గట్టిగా అంటానని నేనే అనుకోలేదు. "ఇక్కడ ఒకరి ప్రిస్క్రిప్షన్ మందు ఇంకొకరికి ఇవ్వడం ఇల్లీగల్. మన అడ్రస్‌కి పార్సెల్ వచ్చి కస్టమ్స్‌లో ఆగితే? నేను పనిచేసేదే ఆ ప్రాజెక్ట్‌లో. నా వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. రేపు ఆవిడకేమన్నా అయితే మీరిచ్చిన మాత్ర వల్లే అంటారు."

"ఇవ్వకపోతే ఏమవుద్దో నాకు తెలుసు," అన్నారు.

మా ఆయన పైనుంచి దిగి వచ్చాడు. "అమ్మా, ఇక్కడ రూల్స్ వేరే. తనని ఇరికించకు. ఆవిడ డాక్టర్‌తో మాట్లాడుకుంటుందిలే," అన్నాడు.

అత్తగారు అప్పుడు చెప్పులు విప్పి గుమ్మం దగ్గర పెట్టి వచ్చారు. కుర్చీలో కూర్చున్నారు. "మందు లేదని చెప్పడం నాకు కొత్త కాదు. స్టాకు రాకపోతే ఎంతమందికి చెప్పానో. ఉంచుకుని లేదనడం ఇదే మొదటిసారి," అన్నారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఆ మధ్యాహ్నం నేను చేయగలిగినవి చాలా ఉన్నాయి. పక్కింటికి వెళ్ళి, వసంతానికి ఏమీ రావట్లేదు, మీ డాక్టరుకు ఫోన్ చేయండి అని చెప్పొచ్చు. మందుల కంపెనీలు తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ఉచితంగా ఇచ్చే పథకాలుంటాయి, కూర్చుని ఆ ఫారం నింపి పెట్టొచ్చు. వేరే రాష్ట్రంలో ఉన్న ఆవిడ కూతురి నంబరు మా ఫ్రిజ్ మీదే ఉంది. ఇవన్నీ అప్పుడూ తెలుసు. ఇందులో ఏది చేసినా మందు రావట్లేదన్న ఆ మొదటి మాట చెప్పాల్సి వస్తుంది. బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను.

మార్చిలో ఒక ఉదయం ఆఫీసులో ఉండగా అత్తగారి నుంచి ఫోన్ వచ్చింది. వెనకాల సైరన్ వినిపిస్తోంది. ఆవిడ గొంతు మాత్రం నిలకడగా ఉంది.

"పక్కావిడకి పక్షవాతం. టీ పోస్తుంటే కుడిచెయ్యి జారిపోయింది, మూతి వంకర తిరిగింది. నేనే నైన్ వన్ వన్‌కి చేశా. వచ్చేశారు. పదీ ఇరవైకి మొదలైంది, గుర్తుపెట్టుకో. పదీ ఇరవై."

ఇంటికి వచ్చి అత్తగారిని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. ఎమర్జెన్సీలో ఒక యువ డాక్టరు వచ్చి, పక్కింటావిడ రక్తం పలచబడే మందు వేసుకుంటుందా, చివరిసారి ఎప్పుడు వేసుకుంది అని అడిగింది. ఏ వైద్యం చేయాలన్నది దాన్నిబట్టి ఉంటుందట. నేను తడబడుతుంటే అత్తగారు ముందుకొచ్చారు.

"ఓన్లీ మార్నింగ్. టుడే ఎయిట్ ఓ క్లాక్. ఈవినింగ్ నో టాబ్లెట్. ఫ్రమ్ జనవరి."

"జనవరి నుంచా?" అంది డాక్టరు. తర్వాత అది నిజమేనా అన్నట్టు నా వైపు చూసింది. నేను తలూపాను.

అదే రోజు మెదడులో చేరిన రక్తపు గడ్డను రక్తనాళం గుండా తీగ పంపి తీశారు. టైము కచ్చితంగా చెప్పినందుకు డాక్టరు అత్తగారి చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది. ఆవిడ ముఖంలో ఏ సంతోషమూ లేదు.

పక్కింటావిడ బతికింది. మాటలు కొన్ని వెనక్కి వచ్చాయి. కుడిచెయ్యి రాలేదు. రెండు వారాలకు కూతురు ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చింది. యాభై దాటిన మనిషి, తల్లిలాగే పొడవు. సగం అల్లిన స్కార్ఫ్ ఒకటి తెచ్చి అత్తగారికి ఇచ్చింది. అత్తగారు లోపలికి వెళ్ళాక నన్నడిగింది. "అమ్మ స్టేట్ మందు కోసం ఆగానని ఏదో చెప్తోంది. అదేమిటో మీకేమైనా తెలుసా?"

చెప్పేశాను. కారులో అన్న మాట, డిసెంబరు మీటింగ్, జనవరిలో ఆ ఖాళీ గళ్ళు, అత్తగారి స్ట్రిప్పులు, అన్నీ. వాకిట్లో మంచు సగం కరిగి బురదగా ఉంది. ఆమె ఆసాంతం వింది.

"ఆ మాత్రలు ఇవ్వనందుకు మిమ్మల్నేం అనను. నేనైనా భయపడేదాన్నేమో," అంది. "కానీ నాకొక ఫోన్ చేసి ఉండాల్సింది. నేను కొనేదాన్ని. మా అమ్మ నన్నడగదు. అడగదని నాకు తెలుసు, మీకు తెలిసే అవకాశం లేదు. అయినా, ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది."

క్షమించానని అనలేదు. నేను అడగనూలేదు. అట్టపెట్టెలు కారులోకి మోయడానికి సాయం చేశాను.

ఏప్రిల్‌లో అత్తగారు వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్టు దారిలో నేనే ఆ విషయం ఎత్తాను. "మీ మాట వినాల్సింది," అన్నాను.

"నేను మాత్రం ఏం చేశాను? దొంగచాటుగానైనా ఇవ్వొచ్చు, ఇవ్వలేదు. కోడలి ఉద్యోగం పోతుందేమోనని నాకూ భయమేసింది," అన్నారు. అత్తగారు నన్ను ఓదార్చడానికి అన్నారో, నిజంగానే అన్నారో ఈ రోజుకీ తేల్చుకోలేను.

నా కాంట్రాక్టు ఆ వేసవితో అయిపోయింది. ఉత్తరాలు వస్తున్నాయి, జవాబులు పోతున్నాయి, మందు మాత్రం రాలేదు. నాతో పనిచేసినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మా మేనేజరు తల్లి కూడా మాత్రలు సగం విరిచి వేసుకునేదని చివరి రోజున తెలిసింది. మా ఆయనకు ఉద్యోగం రావడంతో దక్షిణాన ఉన్న ఫ్రిస్కో ఊరికి మారాం.

మారిన కొత్తలో పక్కింటావిడ కూతురికి ఫోన్ చేశాను. తల్లికిచ్చింది. ఆవిడ మాటలు ఒక్కొక్కటిగా, మధ్యలో చాలా ఖాళీతో వచ్చాయి. నేను మళ్ళీ మొదట్నుంచి చెప్పబోయాను. తేదీ తీసేశారని నాకు డిసెంబరులోనే తెలుసు అన్నాను.

"నాకూ," అంది. ఆగింది. "క్రిస్మస్ తర్వాత... నువ్వు రావడం మానేశావు. అప్పుడే... తెలిసింది."

"మరి తెలిసీ ఎందుకు ఆగారు?"

మాట కోసం వెతుక్కుంటోందో, చెప్పాలా వద్దా అనుకుంటోందో తెలియలేదు.

"ఆగలేదమ్మా," అంది. "కొనలేకపోయాను. అందరికీ... ఆగుతున్నానని చెప్పడం... తేలిక."

తర్వాత మా అత్తగారు ఎలా ఉన్నారని అడిగింది. బాగున్నారని చెప్పాను. కూతురు ఫోన్ తీసుకుని, అమ్మ అలిసిపోయింది, ఇంకోసారి మాట్లాడదాం అంది.