నేల మీద పరిచిన ఈజిప్టు

2003లో నేను బూర్గంపాడు మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో సోషల్ టీచర్‌ని. ఏరు దాటితే భద్రాచలం. వారమంతా పిల్లలకు పాఠాలు, ఆదివారాలు ఓపెన్ స్కూల్ తరగతులు. చిన్నప్పుడు చదువు ఆగిపోయినవాళ్లు పెద్దయ్యాక పదో తరగతి రాసుకునే ఏర్పాటు అది.

అలా వచ్చినవాళ్లలో సీతమ్మ ఒకరు. గోదావరి ఒడ్డున ఒక గూడెంలో అంగన్‌వాడీ ఆయా. అక్కడి టీచర్ మానేయడంతో పోస్టు ఖాళీ అయింది. పది పాసైతే సీతమ్మకే ఇస్తామన్నారు. మిగతావన్నీ గట్టెక్కినా సోషల్‌లో ఆమె రెండుసార్లు తప్పింది.

కారణం మ్యాప్ పాయింటింగ్. సరిహద్దు గీతలు మాత్రమే ఉన్న ఖాళీ పటం ఇచ్చి, నదులు, నగరాలు గుర్తించమంటారు. ఆ వారం మా పాఠం ప్రాచీన ఈజిప్టు. రెండు పక్కలా ఎడారి, నడుమ నైలు, ఏటా వరద, అది వదిలే నల్లని ఒండ్రు, ఆ ఒండ్రు మీద నిలిచిన రాజ్యం. సీతమ్మకు ఇదంతా ఒక్కసారి చెబితే చాలింది. వాళ్ల లంక భూముల్లోనూ వరద తీశాకే మిరప వేస్తారు. కానీ పటంలో మాత్రం నైలు డెల్టాను తీసుకెళ్లి దక్షిణాన, కింది కొసన పెట్టింది.

"డెల్టా పై కొసన ఉంటుందమ్మా, సముద్రం అటుంది కదా" అన్నాను.

ఆమె గోడకు వేలాడుతున్న పటాన్ని చూసింది. "నీళ్లు గోడెక్కుతయా సార్?"

పక్క బెంచీలో ఖలీల్ ఉన్నాడు. పంచర్ దుకాణం అతనిది. "మోటర్ పెట్టిండ్రేమో అక్కా!"

"నువ్వు నీ పంచర్లేసుకో తమ్మీ."

అందరూ నవ్వారు. సీతమ్మ నవ్వలేదు. "ఈసారి కూడా పోతే మా గూడెం భాష రాని ఆమెను తెచ్చి పెడతరు సార్. పోరగాళ్లు ఏడిస్తే ఎందుకేడుస్తున్నరో కూడా ఆమెకు తెల్వది."

పటాన్ని మేకు నుంచి తీసి నేల మీద పరిచాను. దాని ఉత్తరం మన ఉత్తరం వైపు ఉండేలా తిప్పాను. సీతమ్మ చెప్పులు విడిచి దాని చుట్టూ తిరిగి, దక్షిణపు కొస దగ్గర గొంతుక్కూర్చుంది.

"వరద ఏడికెల్లి వస్తది సార్?"

"నీ కాళ్ల దగ్గర నుంచే. అటంతా ఎత్తైన కొండలు."

"పోయేది?"

"నీకు ఎదురుగా."

తలెత్తి కిటికీలోంచి చూసింది. "అంటే భద్రాచలం దిక్కు పోతది!"

"రాములవారి దర్శనానికా అక్కా?" అన్నాడు ఖలీల్. ఈసారి ఆమె కూడా నవ్వింది.

ఆ దేశంలో పూర్వం దక్షిణ భాగాన్ని ఎగువ దేశమనీ, ఉత్తర భాగాన్ని దిగువ దేశమనీ అనేవారని చెప్పాను.

"అవ్ మరి, వాళ్లు కూడా ఏటి ఒడ్డోళ్లే గద సార్" అంది.

ఆ మాట ఆ రోజే డైరీలో రాసుకున్నాను. వేల ఏళ్ల నాటి ఆ దేశం నాకు అంత దగ్గరగా ఎప్పుడూ కనిపించలేదు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పటాలన్నీ నేల మీదే.

ఫలితాలు వచ్చాక, పోస్టింగ్ ఆర్డర్ తీసుకుని సీతమ్మ బడికి వచ్చింది.

"మ్యాపులో ఈజిప్టు వచ్చిందా?" అని అడిగాను.

"ఏడొచ్చింది సార్! మన దేశమే ఇచ్చిండ్రు. బెంచీ దిగి, పేపర్ నేల మీద పెట్టి ఉత్తరం దిక్కు తిప్పుకున్న. ఇన్విజిలేటర్ సార్ వచ్చి, 'ఏందమ్మా, ముగ్గేస్తున్నవా?' అన్నడు."

"నువ్వేమన్నావు?"

"'జర ఆగుండ్రి సార్, గోదారి సముద్రంల కలవాలె' అన్న."

రిటైరయ్యేదాకా నేను ఏ పటాన్నయినా ముందు నేల మీద పరిచి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టాకే గోడకు తగిలించాను. దూరదేశాన్ని చూపించాలంటే ముందు చూసేవాళ్లు తమ ఊరి నేల మీద కుదురుగా కూర్చోవాలి. నాకది సీతమ్మ వల్ల తెలిసింది. ఆర్డర్ తెచ్చిన ఆ రోజే ఆ సంగతి ఆమెతో చెప్పి, దండం పెట్టబోయాను.

"అయ్యో, గదేంది సార్! మీరు నాకు దండం పెట్టుడేంది?" అంటూ నా చేతులు పట్టుకుని ఆపింది. "పోయొస్త. గూడెంల పిల్లలు కూసున్నరు."